ఆకు కొస మాడితే పురుగుమందేనా? ఇంట్లోని పామ్ మొక్కల మచ్చల వెనక అసలు కారణాలు

హాల్లో సోఫా పక్కన అరెకా పామ్ కుండీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో మామూలు దృశ్యం. తెచ్చిన రెండు మూడు నెలల దాకా బాగానే ఉంటుంది. తర్వాత ఆకుల కొసలు మాడతాయి, కింది మట్టలు పసుపు తిరుగుతాయి, ఎక్కడో ఒకచోట తెల్లగా దూది లాంటిది కనిపిస్తుంది. వెంటనే టెన్షన్ మొదలై, ఎవరో చెప్పిన మందు తెచ్చి కొట్టేస్తారు. మచ్చలు మాత్రం అలాగే ఉంటాయి.

క్లుప్తంగా: ఇంటి లోపలి పామ్ మొక్కల మీద కనిపించే మచ్చల్లో ఎక్కువ భాగానికి కారణం పురుగు కాదు. నీళ్ళలోని లవణాలు, కుండీలో నిలిచే తడి, పొటాష్ లోపం ముందు వరుసలో ఉంటాయి. నిజంగా పురుగు పట్టినా, చాలా సందర్భాల్లో నీళ్ళతో కడగడం, దూదితో తుడవడం, వేపనూనె సరిపోతాయి. మచ్చ పడిన ఆకు ఏం చేసినా మళ్ళీ పచ్చబడదు. మొక్క కోలుకుందో లేదో కొత్తగా విచ్చుకునే ఆకే చెబుతుంది.

పేరు వక్కది, ఊరు మడగాస్కర్

అరెకా అనే పేరు వక్క చెట్టుది. మన ఇళ్ళలో పెరిగే అరెకా పామ్ వక్క చెట్టు కాదు. దాని సొంత ఊరు మడగాస్కర్ దీవి. అక్కడి గాలిలో తేమ ఎక్కువ. పార్లర్ పామ్ మెక్సికో, గ్వాటెమాల అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగేది. కెంటియా పామ్ ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న లార్డ్ హోవ్ దీవిది. వీటిలో ఏదీ పొడిగాలికి అలవాటు పడింది కాదు.

మన దగ్గర అమ్ముడయ్యే అరెకా మొక్కల్లో చాలావాటికి మూలం తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక నర్సరీలు. గోదావరి గాలిలో, ఎండలోనో షేడ్‌నెట్ కిందో పెరిగిన మొక్క లారీ ఎక్కి హైదరాబాద్‌లోని ఒక ఏసీ గదిలో దిగుతుంది. వెలుతురు ఒక్కసారిగా పడిపోతుంది, గాలి పొడిబారుతుంది, వేళ్ళ చుట్టూ ఉన్న జిగట మట్టి ఆరడానికి ముందుకంటే చాలా రోజులు పడుతుంది. అంత వెలుతురులో తయారైన ఆకులన్నిటినీ ఈ తక్కువ వెలుతురులో మొక్క పోషించలేదు. అందుకే మొదటి రెండు మూడు నెలల్లో అడుగున ఉన్న ఒకటి రెండు మట్టలు పండి రాలడం జబ్బు కాదు, సర్దుబాటు. ఈ దశలో మందు కొట్టడం, ఎరువు వేయడం, కుండీ మార్చడం మూడూ కలిపి చేస్తేనే మొక్క నిజంగా దెబ్బతింటుంది.

మచ్చ ఎప్పటిదో ముందు తేల్చుకోవాలి

కొబ్బరి తోట చూసినవాళ్ళకు మొవ్వు అంటే, కాండం కొసన కొత్త ఆకులు పుట్టే నడిమి మొగ్గ అంటే, చెప్పనక్కర్లేదు. పామ్ జాతి మొక్కలో ఒక్కో కాండానికి పెరిగే చోటు అదొక్కటే. ఆకులన్నీ అక్కడి నుంచే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. విచ్చుకున్నాక ఆ ఆకు మళ్ళీ పెరగదు, చచ్చిన భాగాన్ని పూడ్చుకోదు. మందారమో గులాబీయో అయితే కొమ్మ కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు వేసి పాతది మరిపిస్తుంది. పామ్‌కు ఆ వీలు లేదు. పైగా ఇంటి లోపల ఒక కాండం ఏడాదికి వేసే కొత్త ఆకులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. అంటే ఈ రోజు కంటపడిన మచ్చ ఆరు నెలల కిందటి పొరపాటుది కావచ్చు, ఆ పొరపాటు ఈపాటికి సర్దుకునే ఉండొచ్చు.

కాబట్టి చూడాల్సింది మచ్చ ఏ వయసు ఆకు మీద ఉందన్నది. పాత ఆకుల మీదే ఉండి, కొత్తవి శుభ్రంగా వస్తుంటే తొందర లేదు. మచ్చలు కింది నుంచి పైకి ఒక్కో మట్ట ఎక్కుతుంటే పోషక లోపాన్నో, లవణాల పేరుకుపోవడాన్నో అనుమానించాలి. అన్ని వయసుల ఆకుల మీదా ఒకేసారి చుక్కలు కనిపిస్తే అప్పుడు ఆకు తిప్పి పురుగు కోసం వెతకాలి. కొత్త ఆకే చెడిపోయి వస్తుంటే అది అన్నిటికంటే పెద్ద సంగతి.

ఒకే ఇంట్లో రెండు వృథా నీళ్ళు

కొస మాడటం వెనక జరిగేది ఇది. వేళ్ళు పీల్చిన నీరు ఆకు దాకా వెళ్ళి ఆవిరైపోతుంది. ఆ నీటితో వచ్చిన లవణాలు మాత్రం ఆవిరి కావు. నీటి ప్రయాణం ఆగే చోటు ఆకు కొస కాబట్టి అవి అక్కడే పోగవుతాయి. మోతాదు మించితే అక్కడి కణాలు చస్తాయి. మాడిన కొసకూ పచ్చని భాగానికీ మధ్య సన్నటి పసుపు గీత ఉంటే అది చాలావరకు ఈ కోవకు చెందినదే.

నీరు పొదుపు చేద్దామని చాలా ఇళ్ళలో ఆర్‌ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీటిని బకెట్లో పట్టి మొక్కలకు పోస్తారు. ఉద్దేశం మంచిదే, పామ్ మొక్కలకు మాత్రం అది పడదు. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీరు మిషన్లోకి వెళ్ళి, అందులో మూడో వంతు తాగే నీరుగా వచ్చిందనుకుందాం. తాగే నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ మిగిలిన రెండు వంతుల్లోకి చేరతాయి. ఆ నీటిలో లవణాలు లీటరుకు 850 నుంచి 900 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. వారానికి లీటరు చొప్పున ఏడాది పాటు పోసి, కుండీ అడుగు నుంచి నీరు ఎప్పుడూ బయటికి పోనివ్వకపోతే దాదాపు 45 గ్రాముల లవణాలు ఆ మట్టిలో చేరినట్టు. ఒక చిన్న గుప్పెడు. మట్టి పైన, కుండీ అంచు మీద తెల్లటి పొరగా కనిపించేది అదే.

అదే ఇంట్లో ఇంకో వృథా నీరు ఉంది, ఏసీ పైపు నుంచి కారేది. గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద నీరుగా మారి కారుతుంది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. వాన నీటికి దగ్గరగా ఉంటుంది. దాని చల్లదనం పోయి గది ఉష్ణోగ్రతకు వచ్చాక పోస్తే పామ్‌కు మేలే. పోషకాలేవీ ఉండవు కనుక ఎరువు విడిగా వేసుకోవాలంతే. ఒకటి కొసలను మాడ్చేది, ఇంకొకటి కాపాడేది, రెండూ పక్కపక్క బకెట్లలోనే ఉంటాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు చేతిలో ఉంటే తేడా నిమిషంలో తెలిసిపోతుంది.

కుళాయి నీటిని రాత్రంతా బకెట్లో ఉంచి పొద్దున పోయమనే సలహా తరచుగా వినిపిస్తుంది. క్లోరిన్ వరకు అది పనిచేస్తుంది, గాలిలోకి పోతుంది కాబట్టి. లవణాలు, ఫ్లోరైడ్ ఎన్ని రాత్రులు ఉంచినా పోవు. కాచినా చాలావరకు పోవు, నీరు తగ్గి ఇంకా చిక్కబడతాయి. నల్గొండ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎంత కష్టం తెచ్చిందో తెలుగువాళ్ళకు తెలిసిందే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా పర్వాలేదని భారతీయ ప్రమాణం చెబుతోంది. పార్లర్ పామ్ లాంటి చమెడోరియా జాతివాటికి ఫ్లోరైడ్ పడదు. అమెరికాలో చాలా ఊళ్ళ కుళాయి నీటిలో పళ్ళ ఆరోగ్యం కోసం ఫ్లోరైడ్‌ను లీటరుకు 0.7 మిల్లీగ్రాముల దగ్గర ఉంచుతారు. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో అంతా సరిగ్గా చూసుకుంటున్నా కొసలు మాడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే ఎరువులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కనుక ఈ మొక్కల కుండీలో అది వేయకపోవడం మంచిది.

పేరుకున్న లవణాలను దించే పద్ధతి తేలికే. రెండు మూడు నెలలకోసారి కుండీని బాత్రూమ్‌లోనో బాల్కనీలోనో పెట్టి, కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల మంచి నీటిని నెమ్మదిగా పోసి, అడుగు చిల్లు నుంచి పూర్తిగా కారిపోనివ్వాలి. కింది పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి. దాన్నే మట్టి మళ్ళీ పీల్చుకుంటే చేసిన పనంతా వృథా.

ఇదే కొస మాడటం ఎక్కువ తడి వల్ల కూడా వస్తుంది. జిగట మట్టిలో నీరు నిలిస్తే వేళ్ళకు గాలి అందక కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు. చుట్టూ నీళ్ళున్నా ఆకు దాహంతో మాడుతుంది. అది చూసి ఇంకో చెంబు పోస్తారు. మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, తడి తగలకపోతేనే నీరు పోయడం ఇందుకే.

పసుపు తిరిగిన పాత మట్టలను కోయాలా?

పొటాష్ లోపం పామ్ జాతిలో చాలా మామూలు. ముదురు ఆకుల మీద పసుపు, నారింజ రంగు చుక్కలు వస్తాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ చుక్కలు కాంతిని లోపలికి పంపుతూ నూనె అంటిన కాగితంలా కనిపిస్తాయి. తర్వాత కొసలు ఎండుతూ వస్తాయి. దీన్ని తెగులు అనుకుని శిలీంద్ర నాశిని కొట్టేవాళ్ళు ఎక్కువ.

పొటాష్ మొక్కలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలగలదు. మట్టిలో దొరకనప్పుడు మొక్క తన పాత ఆకుల్లోంచి దాన్ని లాగి మొవ్వుకు పంపుతుంది. పసుపు తిరిగిన మట్ట ఆ పనిలో ఉన్న మట్ట. చూడ్డానికి బాగాలేదని దాన్ని కోసేస్తే ఆ నిల్వ పోతుంది, మొక్క తర్వాతి మట్ట మీద పడుతుంది. వరుసగా కోస్తూ పోతే లోపం అంత వేగంగా పైకి ఎక్కుతుంది. పూర్తిగా ఎండి గోధుమ రంగుకు వచ్చాకే కోయాలి. మాడిన కొస ఒక్కటే ఇబ్బందిగా ఉంటే, కత్తెరతో ఆకు ఆకారంలోనే కత్తిరిస్తూ మాడిన భాగాన్ని సన్నటి గీతంత మిగల్చాలి. పచ్చటి భాగంలోకి కత్తెర వెళితే అక్కడి నుంచి మళ్ళీ ఎండుతుంది.

మెగ్నీషియం లోపం దీనికి భిన్నంగా ఉంటుంది. పాత ఆకు అంచులు వెడల్పుగా పసుపు తిరిగి, నడిమి భాగం పచ్చగానే మిగులుతుంది. పసుపు కనిపించగానే ఎప్సమ్ సాల్ట్ వేసే అలవాటు ఒకటి ఉంది. అది మెగ్నీషియం ఉప్పు. అసలు లోపం పొటాష్‌ది అయినప్పుడు మెగ్నీషియం ఒక్కటే ఎక్కువ వేస్తే ఆ లోపం ఇంకా ముదురుతుంది. పొటాష్ ఎక్కువగా, మెగ్నీషియం కొంత ఉండి నెమ్మదిగా కరిగే ఎరువు మేలు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అనే ఎరువులో క్లోరైడ్ ఉంటుంది, కాబట్టి కుండీకి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ నయం.

పురుగులా కనిపించేవి, పురుగు కానివి

అరెకా కాండం దగ్గరగా చూస్తే మట్టల మొదళ్ళ మీద, కాడల మీద సన్నటి నల్లటి చుక్కలు కనిపిస్తాయి. పొలుసు పురుగు (స్కేల్) పట్టిందని చాలామంది వీటినే పొరపడతారు. అవి ఆ మొక్కకు పుట్టుకతో ఉండేవి. కాండం మీద విభూతి రాసినట్టుండే తెల్లటి పొర కూడా అంతే, అది మొక్క తయారుచేసుకునే మైనం. కొత్త మట్ట విచ్చుకునేటప్పుడు దాని మీద గోధుమ రంగు పొట్టు లాంటిది ఉంటుంది, అదీ సహజమే.

తేడా తేల్చడానికి గోరు చాలు. పొలుసు పురుగైతే గోటితో గీరితే చిన్న చిప్పలా ఊడి వస్తుంది, బతికి ఉంటే కింద తడి అంటుతుంది. చుక్క ఆకులోనే భాగమైతే ఎంత గీరినా ఊడదు. తెల్లటి మైనం వేలితో రుద్దితే పొడిలా పోయి కింద నున్నటి ఆకుపచ్చ కనిపిస్తుంది. దూదిలా కనిపించే పిండినల్లి (మీలీబగ్) అయితే ఆ తెలుపు కింద మెత్తగా, గులాబీ రంగులో పురుగు శరీరం ఉంటుంది.

నిజంగా పురుగే అయితే

ఇంటి లోపల పామ్‌ను ఎక్కువగా బాధించేది నల్లి (స్పైడర్ మైట్), మంచాల్లో ఉండే నల్లి కాదు. ఇది నిజానికి పురుగు కూడా కాదు, ఎనిమిది కాళ్ళ సాలీడు బంధువు. పెద్దదైనా అర మిల్లీమీటరుకు మించదు. ఆకు అడుగున చేరి ఒక్కో కణానికి చిల్లు పెట్టి లోపలి పచ్చదనాన్ని పీల్చేస్తుంది. ఖాళీ అయిన ఒక్కో కణం ఒక్కో లేత చుక్క. అలాంటివి వేలల్లో కలిసి ఆకు దుమ్ము పట్టినట్టు, వెండి రంగు పూసినట్టు అవుతుంది. సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపించేసరికి పరిస్థితి బాగా ముదిరినట్టే.

పరీక్షకు ఒక తెల్ల కాగితం చాలు. అనుమానం ఉన్న ఆకు కింద కాగితం పట్టుకుని ఆకును రెండుసార్లు తట్టాలి. కాగితం మీద పడిన నలుసుల్ని అర నిమిషం కదలకుండా చూడాలి. దుమ్మయితే కదలదు. నలుసు నడవడం మొదలుపెడితే నల్లే. వేలితో రాస్తే కాగితం మీద ఎర్రటి లేదా ఆకుపచ్చ గీత పడుతుంది.

వేడి, పొడిగాలి నల్లికి పండగ. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి గుడ్లు పెట్టే దశకు చేరడానికి సుమారు వారం చాలు. చల్లటి గదిలో దానికి రెండు మూడు రెట్ల సమయం పడుతుంది. బయట ఉన్న మొక్క మీద వాన కురిసి వాటిని కడిగేస్తుంది, వేరే పురుగులు వాటిని తింటాయి. హాల్లో వానా లేదు, తినేవాళ్ళూ లేరు. తెలుగు రాష్ట్రాల్లో మార్చి నుంచి మే దాకా ఇది ముదిరే కాలం. అమెరికా, కెనడాల్లో సరిగ్గా తిరగబడి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, హీటర్ గాలికి ఇంట్లో తేమ పడిపోయినప్పుడు వస్తుంది.

మొదటి మందు నీళ్ళే. మొక్కను బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి హ్యాండ్ షవర్‌తో ఆకుల అడుగు భాగాన్ని గట్టిగా కడగాలి. గుడ్లు ఆకుకు అంటుకుని మిగులుతాయి, అందుకే ఒక్కసారి కడిగితే చాలదు. నాలుగైదు రోజుల తేడాతో మూడు నాలుగుసార్లు కడిగితే, గుడ్లలోంచి వచ్చినవి మళ్ళీ గుడ్లు పెట్టే లోపే పోతాయి. రోజూ ఆకుల మీద నీళ్ళు చిలకరించడం దీనికి బదులు కాదు. దానివల్ల తేమ కొద్ది నిమిషాలే నిలుస్తుంది. రాత్రంతా ఆకు తడిగా ఉంటే పసుపు అంచుతో గోధుమ రంగు గుండ్రటి శిలీంద్ర మచ్చలు వస్తాయి. తేమ కావాలంటే మొక్కలను దగ్గర దగ్గరగా పెట్టడం, ఏసీ గాలి నేరుగా తగలని చోటికి జరపడం ఎక్కువ పనిచేస్తాయి.

పిండినల్లి మట్ట కాండాన్ని పట్టుకునే సందుల్లో దాక్కుంటుంది. కొద్దిగా ఉంటే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కోదాన్ని తుడిస్తే మైనం కరిగి చస్తుంది. ముందు ఒక ఆకు మీద రాసి రెండు రోజులు చూసుకోవాలి. పొలుసు పురుగు గుడ్డులోంచి వచ్చిన కొత్తలో నడుస్తుంది, తర్వాత ఒకచోట స్థిరపడి మైనపు కవచం కప్పుకుంటుంది. కవచం వచ్చాక పైన కొట్టే మందు లోపలికి దిగదు. పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో సబ్బు నీటిలో రుద్ది తీయడమే నమ్మకమైన పని. చచ్చినవి కూడా ఆకును అంటుకునే ఉంటాయి కాబట్టి కనిపించిన ప్రతిదీ బతికి ఉందనుకోనక్కర్లేదు. ఆకుల మీద జిగురు, చుట్టూ చీమలు, ఆ జిగురు మీద నల్లటి మసి కనిపిస్తే రసం పీల్చే పురుగు ఎక్కడో ఉన్నట్టే. మసి మాత్రం ఆకును తినదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

బాల్కనీ మొక్కలకు ఇంకో ముప్పు సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ దోమ 2009లో ఫ్లోరిడాలో, 2016లో తమిళనాడు కొబ్బరి తోటల్లో బయటపడింది. తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరికీ పాకింది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా తెల్లటి మైనపు గీతలు దీని గుర్తు. కొబ్బరిలో రసాయన మందులు కొట్టవద్దని రైతులకు చెప్పడానికి కారణం ఉంది. ఎన్కార్సియా అనే సూక్ష్మమైన కందిరీగ ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది, మందు కొడితే ముందు ఆ కందిరీగే పోతుంది. మూసిన గదిలోకి ఆ కందిరీగ రాదు. అందువల్ల హాల్లో మొక్కకు చేతితో తుడవడమే దారి.

మందు ఎంతవరకు

కడగడం, తుడవడంతో తగ్గకపోతే 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొద్ది చుక్కల మెత్తటి సబ్బు నీరు వేసి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. వారం తేడాతో మూడుసార్లు. నూనె ఉన్న ఆకు మీద ఎండ పడితే మాడుతుంది కనుక ఆరాకే వెలుతురులో పెట్టాలి. గిన్నెలు తోమే లిక్విడ్ ఎక్కువగా కలిపితే ఆకు మీది మైనం పోయి కొత్త మచ్చలు వస్తాయి. మెరుపు కోసం కొబ్బరి నూనె రాయడం కూడా మానాలి, దుమ్ము దానికే అంటుకుంటుంది.

పొలానికి తెచ్చిన మందును హాల్లో కొట్టడం ఏ లెక్కనా సరికాదు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో విష తీవ్రత గుర్తు ఉంటుంది. ఎరుపు, పసుపు గుర్తులున్నవి పిల్లలు తిరిగే గదిలోకే రాకూడదు. పైగా చాలా పురుగుమందులు నల్లి మీద పనిచేయవు. ఇమిడాక్లోప్రిడ్ వాడిన తర్వాత నల్లి పెరిగిన ఉదాహరణలు ఉన్నాయి.

ఆలస్యం చేయకూడని ఒక్క లక్షణం

కొస మాడటం, చుక్కలు, నాలుగు పిండినల్లులు వారాల తరబడి చూసుకోగలిగినవి. మొవ్వు అలా కాదు. నడిమి ఈటె లాంటి కొత్త ఆకు విచ్చుకోకుండానే గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుని మెల్లగా లాగితే ఊడి చేతికి వచ్చి, మొదట్లో కుళ్ళిన వాసన ఉంటే ఆ కాండం ఇక కొత్త ఆకు వేయదు. కెంటియా లాంటి ఒంటి కాండం మొక్కకు అదే ఆఖరు. అరెకా గుబురుగా పెరుగుతుంది కాబట్టి మిగతా పిలకలను దక్కించుకోవచ్చు. చెడిన కాండాన్ని మొదలంటా కోసి బయట పారేయాలి, కత్తిని స్పిరిట్‌తో తుడవాలి, నీళ్ళు మొవ్వులో కాకుండా మట్టిలోనే పోయాలి, పిలకల మధ్య గాలి ఆడేలా కుండీని కిటికీ దగ్గరికి జరపాలి. పక్క పిలకలో తర్వాతి ఈటె పచ్చగా బయటికి వచ్చేదాకా ఎరువు వేయకూడదు.